మూడు బాసల కొడుకు

వానలు వెనకపట్టి, పొద్దుటి గాలి కాస్త చల్లబడ్డదంటే చాలు, మెదక్ బస్టాండు ముందర సీతాఫలాల గంపలు దిగుతాయి. మొన్న సాయంత్రం పని నుంచి ఇంటికి వస్తూ ఒక గంప ముందు ఆగిపోయాను. కళ్లు విచ్చిన పండ్ల తీపి వాసన, కింద పరిచిన ఆకుల వగరు, తడిసిన గోనెసంచి ముక్క వాసన, అన్నీ కలిసి ముక్కుకు తగలగానే కాళ్లు కదలలేదు. గంప వెనక కూర్చున్న ఆమె శంకరంపేట దిక్కు నుంచి వచ్చిన మనిషి. కొంగు నడుముకు చెక్కుకుని, మట్టిచేతులతోనే ఒక పండు ఎత్తి చూపించి, "మేడమ్, ఫ్రెష్ కస్టర్డ్ ఆపిల్. బహుత్ మీఠా" అన్నది.

"సీతాఫలాలేనా అమ్మా?" అన్నాను.

ఆమె కొంచెం సిగ్గుపడ్డది. "అవే మేడమ్. గిట్లంటెనే కొంటుండ్రు గిప్పుడు."

పండ్లు తెచ్చి వంటింట్లో పెట్టాను. రెండో రోజుకు ఇల్లంతా ఆ వాసనే. ఆ వాసనలో మా నాయనమ్మ ఉంది. మా నాయనమ్మ మాట ఉంది. ఆ మాట ఎట్లా పోయిందో చెప్పాలంటే మా కాక సంగతి చెప్పాలి.

నాకు ఊహ తెలిసేనాటికి మేము ఖిల్లా కింది గల్లీలో పెంకుటింట్లో ఉండేవాళ్లం. నాయనకు బజారులో విత్తనాల దుకాణం ఉండేది. తొలకరి రోజుల్లో ఆయన బట్టలకు మక్క విత్తనాలకు పట్టించిన మందు వాసన అంటుకుని ఉండేది. అమ్మ వాటిని విడిగా ఉతికేది. ఇంటి పెత్తనమంతా నాయనమ్మది. తెల్లారకముందే లేచి వాకిట్లో పేడనీళ్లతో సాంపి చల్లి, పొయ్యి రాజేసి, వానాకాలమైతే నిప్పుల మీద మక్కకంకులు కాల్చి ఉప్పూ కారమూ రాసి మా చేతుల్లో పెట్టేది. చలికాలం వస్తే గిన్నె అడుగున పిండి అద్ది, వేలితో తూట్లు పొడిచి, ఒక్కో తూటులో నూనె చుక్క వేసి సర్వపిండి కాల్చేది. ఆ మాడిన అంచు కోసం నేనూ మా అన్నా కొట్టుకునేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూల కట్టలు అరుగు నిండా పరిచి, గునుగు పూలకు రంగులద్దుతూ ఆమె పాడితే గల్లీలోని ఆడవాళ్లంతా పని మానుకుని వచ్చి కూర్చునేవారు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయి, మంజీర ఇసుకలో మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండుకుని, రాత్రికి ఆ ఇసుక మీదే పడుకునేవాళ్లం. నది పాయల చప్పుడు వింటూ ఆమె చెప్పిన కథలు ఒక్కటీ పూర్తిగా వినలేదు, మధ్యలోనే నిద్రపోయేదాన్ని.

ఆమె మాట మీదే ఆ ఇల్లు నడిచేది. కూరగాయలవాడు ఆమెతో రెండు మాటలాడందే గల్లీ దాటేవాడు కాదు. కోడళ్ల మధ్య తగువొస్తే ఆమెనే పిలిచేవాళ్లు. పక్కింటి చాంద్‌బీ, మా నాయనమ్మ గోడకు చెరో పక్కన నిలబడి పొద్దంతా ముచ్చట పెట్టేవారు. ఈమె తెలుగులో అనేది, ఆమె ఉర్దూలో అనేది, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి. జర, పరేషాను, తకలీఫు, దవాఖాన లాంటి మాటలు నాయనమ్మ నోట్లో అట్లాగే చేరాయి. గోడ మీదుగా కూర గిన్నెలు మారినట్టు మారిన మాటలవి. పీరీల పండుగకు మలీద ముద్ద ఇటు వచ్చేది, మా ఇంటి శనగ గుడాల గిన్నె అటు పోయేది. ఎవరి మాట ఏదో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

కాక సంగతి వేరు. కాక అంటే మా నాయన తమ్ముడు. ఇంట్లో పెట్టిన పేరు నర్సింలు. పట్నంలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు ఉద్యోగం దొరికిన తర్వాత నరేష్ అయ్యాడు. పదిహేను రోజులకోసారి శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేవాడు. గల్లీ మొదట్లో ఉండగానే ఆయన గొంతు వినిపించేది. "క్యా భాయ్, కైసే హో? సబ్ ఓకే?" అని కనిపించినవాడినల్లా పలకరిస్తూ, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంటూ వచ్చేవాడు. మాట మొదట్లో "యాక్చువల్లీ", చివర్లో "యార్". మధ్యలో తెలుగు ఎంతుండేదో చెప్పలేను. క్షవరం దుకాణంలో ఆయన వస్తే కూర్చున్నవాళ్లు లేచి జాగా ఇచ్చేవారు. ఊళ్లో ఎవరికి ఆఫీసులో పని పడ్డా కాకను వెంట తీసుకుపోయేవారు. "నరేష్ సార్ హిందీల మాట్లాడితే సారు తలెత్తి చూస్తడు" అనేవారు. నిజమే. తెలుగులో అడిగినవాడిని బయట బెంచీ మీద కూర్చోబెట్టే గుమాస్తాలు కాకను లోపలికి రమ్మనడం నేను కళ్లారా చూశాను. ఆ గౌరవం ఎక్కడి నుంచి వస్తుందో కాకకు బాగా తెలుసు.

మమ్మల్ని ఇంగ్లీషు మీడియం బడికి మార్పించింది కాకనే. ఇంటికి రాగానే మమ్మల్ని వరసగా నిలబెట్టి, గోడ గడియారాన్నీ నీళ్ల బిందెనూ చూపించి "వాట్ ఈజ్ దిస్?" అనేవాడు. చెప్పినవాళ్లకు చాక్లెట్లు. "కాక అనొద్దు, అంకుల్ అనుండ్రి. పిన్నిని ఆంటీ అనాలె. మ్యానర్స్ ఉండాలె గద?" అనేవాడు. ఆయన పిల్లలిద్దరికీ ఇంట్లో మొదటి నుంచీ హిందీ, ఇంగ్లీషే. సెలవులకు వస్తే నాయనమ్మ దగ్గరకు పోయేవారు కాదు. ఆమె "ఇటు రా కొడుకా, నా వరాలమూట" అంటే తల్లి మొహం చూసేవారు.

ఇంత జరిగినా కాకను చూసి అందరికంటే ఎక్కువ మురిసింది నాయనమ్మనే. ఆయన మాట్లాడుతుంటే గడప మీద కూర్చుని, అర్థం కాకపోయినా నోరు తెరుచుకుని వినేది. చాంద్‌బీతో, పాలామెతో, దారిన పోయేవాళ్లతో కూడా చెప్పుకునేది. "నా చిన్నకొడుకు మూడు బాసలు మాట్లాడ్తడు. సదివిచ్చింది నేనే. కూలికి పోయి సదివిచ్చిన."

ఆ కొడుకే ఆమె మాటలను ఒక్కొక్కటీ దిద్దడం మొదలుపెట్టాడు. దవాఖాన అంటే "హాస్పిటల్ అను అవ్వా" అనేవాడు. తన స్నేహితులు వచ్చినప్పుడు ఆమె "మంచిగున్నరా బిడ్డా, బువ్వ తిన్నరా?" అని వస్తే, "అవ్వా, నువ్వు లోపలికి పో జర" అని నవ్వుతూనే పంపించేవాడు. "జర" అన్న మాట మాత్రం ఆయన నోట్లోంచి పోలేదు. మెల్లమెల్లగా కాక ఇంట్లో ఉన్న రెండు రోజులూ నాయనమ్మ మాట తగ్గింది. ఏదన్నా అనబోయి, కొడుకు దిక్కు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

నేను ఐదో తరగతిలో ఉన్న వానాకాలంలో ఆమె కళ్లకు ఏదో మొదలైంది. ఆ రోజుల్లో పొద్దుగూకగానే కరెంటు పోయేది. అమ్మ కందిలి వెలిగించి నడింట్లో పెట్టేది. ఒకనాడు నాయనమ్మ ఆ కందిలి దిక్కు చూస్తూ, "బిడ్డా, దీపం సుట్టూర సింగిడి లేసింది, సూడు" అన్నది. సింగిడి అంటే హరివిల్లు. నేను చూశాను. నాకు పచ్చని మంట తప్ప ఏమీ కనపడలేదు. తెల్లవారేదాకా ఆమె నెత్తి పట్టుకుని మూలిగింది, రెండుసార్లు వాంతి చేసుకుంది. పొద్దునకు మామూలే. ఎప్పటిలాగే సాంపి చల్లుతూ కనిపించింది. కొన్నాళ్లకు మళ్లీ అదే. దీపం చుట్టూ సింగిడి, నెత్తి పలిగే నొప్పి, తెల్లవారితే ఏమీ లేదు.

శనివారం వచ్చిన కాక ఆ మాట విని, "ఇక్కడి డాక్టర్లకు ఏం తెలుస్తది? నేను పట్నంల పెద్ద హాస్పిటల్‌కు తీస్కపోత" అన్నాడు. ఆయనకు తల్లి అంటే ప్రేమ లేదనుకోవద్దు. సెలవు పెట్టి, సొంత ఖర్చుతో తీసుకుపోయాడు. నేను లేనిదే నాయనమ్మ కదలనన్నది కనుక నన్నూ బస్సు ఎక్కించారు.

ఆ హాస్పిటల్ నేల అద్దంలా మెరుస్తుండేది. నాయనమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటే, "వేసుకో అవ్వా, అందరు సూస్తుండ్రు" అన్నాడు కాక పళ్లు బిగించి. డాక్టరు చిన్న వయసువాడు. తెలుగు రాదు, మొహంలో మాత్రం దయ ఉంది. ఆయన కాకను వదిలి నేరుగా నాయనమ్మనే అడిగాడు. "తకలీఫ్ క్యా హై, మా జీ?"

తకలీఫ్ అంటే బాధ అని నాయనమ్మకు తెలుసు. చాంద్‌బీ మాట అది. ఆమె మొహం విచ్చుకుంది. కుర్చీలో ముందుకు జరిగి, "సారూ, దీపం దిక్కు సూస్తే సుట్టూర సింగిడి లేస్తది. గప్పుడే నెత్తి పలిగినట్టైతది..." అని మొదలుపెట్టింది.

"సింగడీ?" అన్నాడు డాక్టరు, అర్థంకానట్టు కాక దిక్కు చూస్తూ.

కాక మొహం ఎర్రబడింది. "కుఛ్ నహీ సర్. గావ్ కీ ఔరత్ హై, ఐసే హీ బోల్తీ. యాక్చువల్లీ ఓల్డ్ ఏజ్ ప్రాబ్లమ్. నజర్ కమ్‌జోర్ హో గయీ, చష్మా చేంజ్ కర్నా హై" అన్నాడు. పల్లెటూరి మనిషి, ఏదో అంటుంది, ముసలితనం, అద్దాలు మారిస్తే చాలు అని. తర్వాత తల్లి దిక్కు వంగి, గొంతు తగ్గించి, "ఊకో అవ్వా. సింగిడి గింగిడి అని ఇజ్జత్ తియ్యకు" అన్నాడు.

నాకు ఆ మాట ఇంగ్లీషులో తెలుసు. ఆ ఏడే పుస్తకంలో బొమ్మతో సహా చదువుకున్నాను. "రెయిన్‌బో సార్! ల్యాంప్, రెయిన్‌బో!" అన్నాను గట్టిగా.

డాక్టరు నా వైపు తిరిగాడు. కాక నవ్వి నా భుజం మీద చెయ్యేశాడు. "మేరీ భతీజీ సర్. ఇంగ్లీష్ మీడియమ్. డ్రాయింగ్ కా బహుత్ శౌక్ హై." నా అన్న కూతురు, బొమ్మలేయడమంటే ఇష్టం అని. డాక్టరు కూడా నవ్వాడు. "వెరీ గుడ్" అని నా బుగ్గ తట్టాడు. ఇంగ్లీషు ముక్క పలికినందుకు నాకు మెప్పు దొరికింది, ఆ ముక్కలో ఉన్న సంగతి మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. గోడ మీది అక్షరాలు చదవమన్నారు. అక్షరాలు రాని నాయనమ్మకు గుర్తులు చూపించారు. అద్దాలు రాసి పంపించారు.

తిరుగు బస్సులో నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కాక పట్నంలోనే ఉండిపోయాడు. నర్సాపూర్ అడవి దాటాక, కొత్త అద్దాల డబ్బాను ఒళ్లో పట్టుకుని నాయనమ్మ అన్నది, "గా డాక్టరు మంచోడే బిడ్డా. నా మాటనే ఆయనకు అందలే."

ఆ చలికాలమంతా ఆమె చూపు కొద్దికొద్దిగా పోయింది. ముందు మేం గమనించలేదు. బియ్యంలో రాళ్లు మిగిలిపోతుంటే అమ్మ విసుక్కుంది. రొట్టె మాడితే నాయనమ్మ నవ్వి "పరాకయిన" అన్నది. చెంబు ఎప్పుడూ ఉండే చోట లేకపోతే నేలంతా తడిమేది. సింగిడి రావడం ఆగిపోయింది, నొప్పి కూడా తగ్గింది. తగ్గిందని మేం సంతోషపడ్డాం కూడా. చూపు పోయాక ఇక దీపమే కనపడదని, రంగులెక్కడివని మాకు తోచలేదు. మరుసటి ఏడు బతుకమ్మకు పూలు పేరుస్తూ తంగేడు పెట్టే చోట గునుగు పెట్టిననాడు అమ్మకు అర్థమైంది. పళ్లెం అక్కడే వదిలేసి లోపలికి పోయి ఏడ్చింది.

తర్వాత మా ఊరి బడిలో కళ్ల క్యాంపు పెడితే నాయన తీసుకుపోయాడు. అప్పుడూ చెయ్యి పట్టుకున్నది నేనే. అక్కడి డాక్టరమ్మ నడివయసు మనిషి, మన మాటే మాట్లాడింది. కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసి, "అవ్వా, ఎప్పుడన్నా దీపం చుట్టూ రంగులు కనపడ్డయా నీకు?" అని అడిగింది.

నాయనమ్మ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డంత పని చేసింది. "గదే గదా తల్లీ! సింగిడి! సింగిడి లేస్తుండె!"

తన మాట అందుకున్న మనిషి ఇన్నాళ్లకు దొరికిందన్న సంబరం అది. డాక్టరమ్మ మొహంలో సంబరం లేదు. లైటు పక్కన పెట్టి, నాయన దిక్కు తిరిగి, ఇవి నీటికాసులని, కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందని, ఇక చేసేదేమీ లేదని చెప్పింది. రంగులు కనపడ్డ రోజుల్లోనే వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్లమంది. "ముందు ఏ డాక్టరుకూ చెప్పలేదా అవ్వా?" అని అడిగింది.

నాయనమ్మ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. "నాకే చెప్పరాలే తల్లీ" అన్నది.

ఇంటికి వచ్చాక నాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని పట్నంలో ఏం జరిగిందో అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నాయన ఆ రోజు దుకాణం తెరవలేదు. తమ్ముడు వస్తే ఏమనాలో ఆయన లోపల లోపలే కూడబెట్టుకుంటున్నాడని అమ్మ మొహం చూస్తే తెలిసేది.

కంపెనీలో పని పెరిగి నెలల తరబడి ఊరికి రాని కాక ఆ తర్వాతి ఆదివారమే వచ్చాడు. కిరాయి కారులో పెళ్లాం పిల్లలతో దిగాడు. సంగతేమిటో ఆయనకు ఇంకా పూర్తిగా తెలియదు. వాకిట్లో బురద ఉంది. "అరే, సంభాల్ కే ఉతరో! షూస్ గందే హో జాయేంగే" అని, బూట్లు మురికవుతాయని పిల్లలను కసురుతూ, మధ్యలో ఎవరితోనో ఫోన్లో "యా యా, నో ప్రాబ్లమ్ యార్" అంటూ లోపలికి వచ్చాడు. నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆ గొంతు వినగానే గబగబా లేచి, తడుముకుంటూ కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోడ పక్కకు ఒదిగి నిలబడ్డది.

"కోడలా, ఎవలో పెద్ద సారొచ్చినట్టున్నడు. కుర్చెయ్యి బిడ్డా" అన్నది. తర్వాత ఆ గొంతు వచ్చిన దిక్కుకు చేతులు జోడించి, "కూసోండ్రి సారూ. నా కొడుకు బజారుకు పోయిండు, ఇప్పుడే వస్తడు" అన్నది.

అమ్మ వంటింటి గుమ్మంలో అట్లాగే నిలబడిపోయింది. కాక చేతిలోని ఫోనులో అవతలి మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నాయనమ్మ నిజంగానే కొడుకును గుర్తుపట్టలేదు. పోయిన చూపుతో పాటు నల్ల కళ్లద్దాలు, నవ్వు మొహం, అన్నీ పోయాయి. మిగిలింది గొంతు ఒక్కటే. అది ఆమె కొడుకు గొంతులా లేదు.

"అవ్వా..." అన్నాడు కాక. "అవ్వా, నేనే. నీ నర్సింలునే."

"నర్సింలా!" నాయనమ్మ జోడించిన చేతులు విడిపోయాయి. గాల్లో వెతుక్కుంటూ వచ్చి ఆయన చెంపలను పట్టుకున్నాయి. "నువ్వా కొడుకా! ఎవలో ఆఫీసరనుకున్న. బువ్వ తిన్నవా?"

కాక ఆమె కాళ్ల దగ్గర బురద బూట్లతోనే కూలబడ్డాడు. ఏడుపుకు ఆయన భుజాలు కదులుతుంటే ఆయన చిన్న కొడుకు బెదిరి, "పాపా క్యోం రో రహే హై?" అని తల్లిని అడిగాడు. నాయన బజారు నుంచి వచ్చి గుమ్మంలో ఆగాడు. అన్ని రోజులుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటి కూడా అనలేదు. చెప్పులు విప్పి, తమ్ముడి పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత కాక ఆమెను ఎన్ని పెద్ద హాస్పిటళ్లకో తిప్పాడు. పోయిన చూపు రాలేదు. వచ్చినప్పుడల్లా తల్లి పక్కన కూర్చుని తెలుగులోనే మాట్లాడేవాడు. ఆమె మాత్రం మునుపటిలా మాట్లాడలేకపోయింది. చూపు పోయాక ఎదుట ఎవరున్నారో, తన మాటకు ఎవరు నవ్వుతున్నారో తెలియక, ఎవరన్నా వస్తే ముందు "ఎవలూ?" అని అడిగి, కొత్తవాళ్లయితే నోరు మూసుకునేది. గోడ అవతలి చాంద్‌బీ దగ్గర మాత్రమే పాత గొంతు వినిపించేది. చాంద్‌బీ కొడుకు దగ్గరకు జహీరాబాద్ పోయాక అదీ లేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఎండాకాలం నాయనమ్మ కన్నుమూసింది.

ఇప్పుడు ఆ గల్లీలో పెంకుటిళ్లు లేవు. అమ్మా నాయనా కూడా లేరు. మా ఇంటి జాగాలో రెండంతస్తుల కాంప్లెక్సు వచ్చింది. కింద కోచింగ్ సెంటరు, పైన బ్యూటీ పార్లరు. ఊరంతా అప్పటి కాకలాగే మాట్లాడుతుంది. కూరగాయల బండి మీద పిలుపు హిందీలో రికార్డు చేసి ఉంటుంది. నా కూతురు నన్ను మమ్మీ అంటుంది, మేనత్తనూ పిన్నినీ పెద్దమ్మనూ ఒకే మాటతో ఆంటీ అంటుంది. వద్దని నేనూ చెప్పలేను. ఆఫీసు బెంచీల మీద ఎవరిని కూర్చోబెడతారో నేను చూశాను కదా.

కాక రిటైరై పట్నంలోనే ఉన్నాడు. పిన్ని పోయింది, పిల్లలు ఎవరి ఉద్యోగాల్లో వాళ్లు. ఆ ఇంట్లో ఆయనతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. మనవళ్లు తాతను దాదూ అంటారు. అందుకని ఆదివారం పూట నాకు ఫోను చేస్తాడు. యాక్చువల్లీ లేదు, యార్ లేదు. మెదక్ మాటలను గుర్తు తెచ్చుకుంటూ, తడబడుతూ మాట్లాడతాడు. మొన్నటి ఆదివారం అడిగాడు.

"పద్దూ, సలికాలం మనింటెన్క పెరట్లకు ఒక చిన్న పిట్ట వస్తుండె, తోక ఊపుకుంట నడుస్తుండె సూడు. అవ్వ దానికి ఏదో పేరు పెట్టింది. ఏమంటుండె?"

నేను ఆలోచించాను. పిట్ట కళ్ల ముందుకొచ్చింది, బూడిదరంగు వీపు, ఆగకుండా ఊగే తోక. అరుగు మీద కూర్చుని దాన్ని పిలుస్తున్న నాయనమ్మ పెదవులు కూడా కనిపించాయి. పేరు మాత్రం వినపడలేదు.

"యాదికొస్తలేదు కాకా."

"ఫోన్ల ఎతికిన బిడ్డా. ఇంగ్లీషుల పేరున్నది, హిందీల పేరున్నది" అన్నాడు. "అవ్వ పేరే లేదు." అడగడానికి మా కంటే పెద్దవాళ్లెవరూ మిగల్లేదు.